హోదాను కొలిచి కట్టిన ఇళ్లు

కొత్త లోక్‌సభ కొలువుతీరిన ప్రతిసారీ, గెలిచి ఢిల్లీకి వచ్చిన సభ్యుడు మొదట ఆరా తీసేది మంత్రి పదవులను గురించి కాదు, ఇంటిని గురించి. పాత పార్లమెంటు భవనంలోని సెంట్రల్ హాలులోకి పాత్రికేయులకు ప్రవేశమున్న రోజులలో, కాఫీ కప్పుల చుట్టూ గుంపులుగా కూర్చున్న మన సభ్యుల నడుమ ఈ ముచ్చట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. “మీకేది ఇచ్చారండీ?” అని ఒకరు. “నార్త్ ఎవెన్యూలో ఫ్లాటు. ప్రస్తుతానికి సర్దుకుంటున్నాం” అని మరొకరు. ఆ ‘ప్రస్తుతానికి’ అన్న మాటలో ఎంత ఆశ దాగి ఉన్నదో ఢిల్లీ తెలిసినవారికే తెలుస్తుంది. నార్త్ ఎవెన్యూ ఫ్లాటు నుంచి తెల్లని స్తంభాల వరండా, విశాలమైన పచ్చిక బయలు, గేటు వద్ద కాపలావాడు ఉండే బంగళా దాకా సాగే ప్రయాణమే ఇక్కడ రాజకీయ జీవితానికి కొలబద్ద. నియోజకవర్గంలో మనిషిని ఓట్లతో కొలుస్తారు. ఢిల్లీలో గేటుతో కొలుస్తారు.

1996లో నేను ఈ నగరానికి వచ్చినప్పుడు నాకీ కొలత తెలియదు. ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవాణ్ణి కనుక పాత బంగళాలంటే నవలలలో చదివిన ఇళ్లే మనసులో మెదిలేవి. వృత్తిలో పెద్దవారొకరు నాకు చెప్పిన మొదటి పాఠం ఇది: “మనుషుల పేర్లు తరువాత నేర్చుకోవచ్చు నాయనా, ముందు ఇళ్ల నంబర్లు బట్టీ పట్టు.” ఆయన మాట అక్షరసత్యమని త్వరలోనే తెలిసింది. ఈ ఊళ్లో ప్రభుత్వాన్ని, పార్టీని, ముఠాను సైతం ఇంటి నంబరుతోనే పిలుస్తారు. అయితే ఆ ఇళ్లను ఎవరు కట్టారు, ఏ ఉద్దేశంతో కట్టారు, కట్టినవారి ఉద్దేశాన్ని మనం ఏమాత్రం మార్చగలిగాము అన్న ప్రశ్నలను మాత్రం మనం అరుదుగా అడుగుతాము. ఈ వారం ఆ ప్రశ్నలను పాఠకుల ముందుంచదలచాను.

1911 డిసెంబరు 12వ తేదీన ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించాడు. ఆనాటికి ఢిల్లీ అంటే షాజహాను కట్టించిన నగరమే. దానికి దక్షిణాన రైసినా, మాల్చా వంటి పల్లెలు, జొన్న చేలు, పాత సమాధులు, ముళ్లకంపలు. ఆ పల్లెల రైతుల భూములను 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు. ఆ విధంగా పాతనగరానికి శివారుగా మొదలైన ప్రదేశమే నేడు దేశంలోకెల్లా ఖరీదైన పేటగా మారింది. ఇక్కడ ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్న కొద్ది బంగళాలలో ఒకటి అమ్ముడయితే, వందల కోట్ల రూపాయల ధర పత్రికలకు వార్త అవుతుంది.

ఈ ప్రాంతాన్ని లుటియెన్స్ ఢిల్లీ అంటారు. ఈ పేరులోనే కొంత అన్యాయమున్నది. ఎడ్విన్ లుటియెన్స్ మహాశిల్పి అనడంలో సందేహం లేదు. 1912లో నియమితమైన ముగ్గురు సభ్యుల నగర ప్రణాళికా సంఘంలో ఆయన ఒకడు. రైసినా కొండపై 340 గదుల వైస్రాయి భవనం, నేడు ఇండియా గేట్ అని మనం పిలుచుకునే యుద్ధ స్మారక తోరణం, హైదరాబాద్ హౌస్, బరోడా హౌస్ ఆయన చేతి పనులు. పార్లమెంటు భవనం, సచివాలయం రెండు భాగాలు ఆయన సహచరుడైన హెర్బర్ట్ బేకర్ రూపకల్పన. ఈ మిత్రులిద్దరూ ఒక ఏటవాలు రోడ్డు విషయంలో ఏళ్ల తరబడి మాట్లాడుకోనంతగా తగవుపడ్డారు. కింద రాజపథం నుంచి చూస్తే వైస్రాయి భవనం నిండుగా కనిపించాలని లుటియెన్స్ పట్టు. సచివాలయాలు కూడా అదే ఎత్తున ఉండాలని బేకర్ వాదన. చివరకు బేకర్ నెగ్గాడు. ఈనాటికీ విజయ్ చౌక్‌లో నిలబడి చూస్తే రాష్ట్రపతి భవనం సగానికి సగం కొండ అంచున మునిగిపోయి, గుమ్మటం మాత్రమే తొంగిచూస్తుంది. అధికార యంత్రాంగం అధినేతను మరుగుపరచడం మన దేశంలో అప్పుడే మొదలయిందని మేము పాత్రికేయులం వేళాకోళంగా అనుకుంటూ ఉంటాము.

అయితే మంత్రులు, న్యాయమూర్తులు, ఎంపీలు కాపురముండే బంగళాలలో అత్యధిక భాగం లుటియెన్స్ గీసినవి కావు. ఆయన చేతిమీదుగా వెలసినవి వైస్రాయి ఎస్టేటులోని కొద్దిపాటి ఇళ్లే. ఈ పేటకు నిజంగా ముఖరేఖలు దిద్దినవాడు ప్రభుత్వ పనుల శాఖ శిల్పి రాబర్ట్ టార్ రసెల్. కనాట్ ప్లేస్ ఆయనదే. జనపథ్‌పై ఎదురెదురుగా నిలిచిన ఈస్టర్న్ కోర్టు, వెస్టర్న్ కోర్టు ఆయనవే. సర్వసైన్యాధిపతి కోసం 1930 నాటికి పూర్తయిన ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్, అంటే మన తీన్‌మూర్తి భవనం, ఆయనదే. ఆయన శాఖ ఆధ్వర్యంలోనే వేల కొద్దీ ప్రభుత్వ గృహాలు లేచాయి. ఎత్తైన కప్పు, లోతైన వరండా, ఎండ చొరబడని మందపు గోడలు, ముందు కారు ఆగే పోర్టికో, వెనుక దూరంగా నౌకర్ల గదులు. పంకాలు చాలని జూన్ మాసపు వడగాడ్పును, ఎముకలు కొరికే జనవరి చలిని రెండింటినీ తట్టుకునే ఇల్లు ఎలా ఉండాలో రసెల్‌కు తెలుసు. ఆయనతోపాటు ఆర్థర్ షూస్మిత్, హెన్రీ మెడ్, వాల్టర్ జార్జ్ వంటివారు చర్చీలను, కళాశాలలను, నివాసాలను కట్టారు. వీరిలో వాల్టర్ జార్జ్ స్వాతంత్ర్యం వచ్చాక కూడా తిరిగి వెళ్లక ఈ ఊళ్లోనే ఉండిపోయి 1962లో కన్నుమూశాడు. నీడనిచ్చిన తోటమాలి ముస్టో పేరైతే తలచేవారే లేరు. ఏ బాటకు ఏ చెట్టు అన్నది ఆ రోజులలోనే నిర్ణయమయింది. అశోకా రోడ్డుకు నేరేడు, జనపథ్‌కు తెల్లమద్ది, అక్బర్ రోడ్డుకు చింత. ఢిల్లీ నడిబొడ్డున బారులు తీరిన చింతచెట్లను చూసి, చిగురు కోసుకునేవారు లేరే అని బాధపడని తెలుగు ఇల్లాలు ఉండదు.

రాజస్థాన్ నుంచి కుటుంబాలతో తరలివచ్చి రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎక్కడా లేవు. శోభాసింగ్, బైసాఖాసింగ్ వంటి కాంట్రాక్టర్ల పేర్లు చరిత్రకు ఎక్కాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. సామ్రాజ్యం ఒక రాజధానినే కట్టి చూసింది. దాదాపు ఇరవయ్యేళ్లు శ్రమపడి 1931 ఫిబ్రవరిలో గృహప్రవేశం చేసింది. ఆ ఇంట పదహారేళ్లయినా నిండుగా కాపురం చేసిందో లేదో, 1947 ఆగస్టు వచ్చింది.

ఇక ఈ కట్టడంలోని అసలు మర్మం. నవ ఢిల్లీ పటాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. అది వీధుల పటం కాదు, హోదాల పట్టిక. శిఖరాన వైస్రాయి. ఆయన చెంత కార్యనిర్వాహక మండలి సభ్యులు. దక్షిణాన ఎకరాల కొద్దీ తోటలతో తెల్ల అధికారులు. ఇండియా గేటు చుట్టూ షట్కోణంలో సంస్థానాధీశుల భవనాలు. ఉత్తరాన గోల్ మార్కెట్ చుట్టూ చిన్న చిన్న చతురస్రాలలో భారతీయ గుమస్తాలు. వారికి ఆవల బంట్రోతులు. జీతాన్ని బట్టి, పదవిని బట్టి, శరీరచ్ఛాయను బట్టి నేలను విస్తళ్లలా వడ్డించారు. ఒక మనిషి చిరునామా చెబితే చాలు, అతని ముందు లేచి నిలబడాలో కూర్చునే మాట్లాడవచ్చునో తెలిసిపోయేది.

స్వాతంత్ర్యం వచ్చిన వేళ ఈ పంక్తిని మార్చే అవకాశం మనకు దక్కింది. వైస్రాయి భవనాన్ని ఆసుపత్రిగా మార్చమన్నది గాంధీజీ కోరిక. ఎవరూ ఆలకించలేదు. సర్వసైన్యాధిపతి ఇంట ప్రధానమంత్రి, శ్వేత అధికారుల ఇళ్లలో మన మంత్రులు ప్రవేశించారు. ఆ కొత్త కాపురాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. దేశ విభజనతో లక్షలాది కాందిశీకులు వచ్చిపడిన ఊళ్లో, ఉన్న ఇళ్లను వదిలి కొత్తవి కట్టుకోమనడం వివేకం కాదు. కాని ఇళ్లతోపాటు ఆ పట్టికను కూడా మనం అప్పగింతగా తీసుకున్నాము. రాష్ట్రపతి భవనంలో కాపురమున్న ముగ్గురు తెలుగువారు, రాధాకృష్ణన్, గిరి, సంజీవరెడ్డి గార్లలో, 1977లో సంజీవరెడ్డి గారు ఒక్కరే ఆ భవనం విడిచి చిన్న ఇంటికి మారతానని ప్రకటించి, తమ జీతంలో 70 శాతం వదులుకున్నారు. జీతం వదులుకోగలిగారు గాని ఇల్లు వదలలేకపోయారు. ఆ ఇల్లు రాష్ట్రపతిని వదలదు.

తెలుగువారికి ఈ పేటతో ఉన్న అనుబంధాన్ని తలచుకుంటే గర్వము, చిన్నబుచ్చుకోవడము రెండూ కలుగుతాయి. అశోకా రోడ్డు ఒకటవ నంబరు ఆంధ్ర భవన్. దాని పక్కనే హైదరాబాద్ హౌస్. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం లుటియెన్స్ 1920లలో కట్టిన ఈ సౌధం, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. హైదరాబాదు రాజ్యపు ప్రజల పన్నులతో లేచిన ఆ ఇంట నేడు ప్రధానమంత్రి విదేశాధినేతలతో చర్చలు జరుపుతారు. హైదరాబాదు నుంచి వచ్చిన సామాన్యుడు గేటు బయటి నుంచి గుమ్మటం చూసి, పక్క ఆవరణలో క్యాంటీను ముందు వరుసలో నిలబడి, పప్పూ గోంగూర పచ్చడితో కడుపు నింపుకుని వెళతాడు. 1996లో ఐక్య సంఘటన రోజులలో ఇదే ఆంధ్ర భవన్‌లో ప్రధానమంత్రుల ఎంపికపై మంతనాలు సాగుతుంటే, ఆ వరండాలో నోటుబుక్కు పట్టుకుని అర్ధరాత్రి దాకా కాచుకున్నవారిలో నేనొకణ్ణి. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయాక ఈ ఆవరణ కోసం పదేళ్లు వాదులాడుకున్నాము. నిజాం ఆస్తి కనుక తమదేనని ఒకరు, జనాభా ప్రకారం పంచాలని ఒకరు. 2024 మార్చిలో దాదాపు ఇరవై ఎకరాలను 58:42 నిష్పత్తిలో కేంద్రం పంచింది. అన్నదమ్ముల పంపకాలలో దొడ్డిలోని చెట్లను సైతం లెక్కపెట్టుకుంటాము. పక్కనే ఉన్న లుటియెన్స్ సౌధం కథను మన పిల్లలకు చెప్పే బాధ్యత మాత్రం ఏ వాటాలోను పడలేదు.

రెండవది అక్బర్ రోడ్డు 24వ నంబరు ఇల్లు. 1960వ దశకం ఆరంభంలో అది బర్మా రాయబారి నివాసం. రాయబారి కుమార్తె, తరువాతి కాలంలో ప్రపంచమెరిగిన ఆంగ్ సాన్ సూచీ, కౌమారదశలో అక్కడ నివసించింది. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలి, ఇందిరాగాంధీ వర్గానికి నిలువనీడ లేని వేళ, తెలంగాణ నాయకుడు జి. వెంకటస్వామి గారు, మనం ‘కాకా’ అని పిలుచుకున్న ఆయన, ఎంపీగా తమకు కేటాయించిన ఆ బంగళాను పార్టీకి అప్పగించారు. ఆనాటి నుంచి 2025 జనవరిలో కోట్లా రోడ్డులోని కొత్త భవనానికి మారేవరకు, నలభై ఏడేళ్లు, ఆ ఇల్లు కాంగ్రెసు ప్రధాన కార్యాలయం. ప్రభుత్వాలను కూర్చినదీ కూల్చినదీ ఆ వరండాయే.

మూడవది మోతీలాల్ నెహ్రూ మార్గ్ 9వ నంబరు. పదవి దిగిన తరువాత పి.వి. నరసింహారావు గారు పుస్తకాలతో, కోర్టు కేసులతో గడిపిన ఇల్లు అది. 2004 డిసెంబరు 23న ఆయన మరణించినప్పుడు భౌతికకాయాన్ని అక్కడికే తెచ్చారు. మర్నాడు అంతిమయాత్ర విమానాశ్రయానికి వెళుతూ అక్బర్ రోడ్డులో 24వ నంబరు ఎదుట ఆగింది. ఒకనాడు ఒక తెలుగు ఎంపీ విడిచి ఇచ్చిన ఇల్లు అది. అయిదేళ్లపాటు ఆ పార్టీకి అధ్యక్షుడైన తెలుగువాడు గేటు బయట పూలకింద నిశ్చలంగా ఉన్నాడు. గేటు తెరుచుకోలేదు. కారణాలపై వాదోపవాదాలు నేటికీ సాగుతున్నవి, వాటి జోలికి నేను పోను. ఆ చింతచెట్ల కింద చలిలో నిలబడ్డ మాకు ఆ నిమిషాలు చాలా దీర్ఘంగా తోచాయన్నది మాత్రం నిజం. అంత్యక్రియలు హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగాయి. భారతరత్నం 2024లో వచ్చింది. అయినా ఈ రెండు ఇళ్లలో దేని గోడపైనా ఈ కథ చెప్పే ఒక్క పలక నాకు కనిపించలేదు.

అలాగని ప్రతి బంగళాను స్మారక మందిరం చేయమని నేననను. తీన్‌మూర్తి, సఫ్దర్‌జంగ్ రోడ్డు ఒకటవ నంబరు, లాల్ బహదూర్ శాస్త్రి గారి ఇల్లు స్మారకాలయ్యాయి. వాటికి న్యాయమైన కారణాలున్నవి. తరువాత అది అలవాటయింది, అలవాటు హక్కు అయింది. 2013 జూలైలో సుప్రీంకోర్టు, ప్రభుత్వ నివాసాలను ఇకపై స్మారకాలు చేయరాదని చెప్పవలసి వచ్చింది. మరుసటి సంవత్సరమే 12 తుగ్లక్ రోడ్డును తండ్రి చరణ్‌సింగ్ స్మారకం చేయాలంటూ, ఎన్నికలలో ఓడిన అజిత్‌సింగ్ ఖాళీ చేయకపోతే, కరెంటు నీళ్లు నిలిపివేశారు. ఆయన అనుచరులు ఢిల్లీకి వచ్చే నీటినే ఆపుతామని రోడ్డెక్కారు. 2023 ఏప్రిల్‌లో లోక్‌సభ సభ్యత్వం రద్దయిన రాహుల్ గాంధీ 12 తుగ్లక్ లేన్ ఇంటిని గడువు లోపల ఖాళీ చేశారు. ఇద్దరి కథలలో న్యాయాన్యాయాలు వేరు. కాని రెండు చోట్లా ఇల్లు రాజకీయ ఆయుధమైంది. ఇల్లు పదవికిచ్చినదే గాని మనిషికి ఇచ్చినది కాదన్న సూత్రాన్ని, పాలకపక్షం ప్రతిపక్షానికి బోధించడం చూస్తాము, తనకు తాను వర్తింపజేసుకోవడం తక్కువగా చూస్తాము.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు మాట. 1970, 80 దశకాలలో బారాఖంబా, కస్తూర్బాగాంధీ మార్గ్ వైపు బహుళ అంతస్తుల భవనాలు లేస్తుంటే, బంగళాల పేట ఏమవుతుందోనన్న ఆందోళన కలిగి, 1988లో కేంద్రం హద్దులు గీసింది. ఆ హద్దులలో పాత బంగళాను మించిన ఎత్తుగాని, విస్తీర్ణంగాని కొత్త కట్టడానికి ఉండరాదన్నారు. మంచిదే. దాదాపు వెయ్యి బంగళాలు, వాటితోపాటు నగరానికి ఊపిరితిత్తులుగా పనిచేసే వేల చెట్లు అందువల్ల బతికాయి. కాని అదే ప్రభుత్వం 2016 జూలైలో సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ సహా ఏడు ఉద్యోగుల కాలనీలను పడగొట్టి, 12,970 ఇళ్ల స్థానంలో 25,667 ఇళ్లు కట్టాలని నిర్ణయించింది. వేల చెట్లు నరకబోతుంటే 2018లో జనం చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు, ఢిల్లీ హైకోర్టు నరికివేతను ఆపవలసి వచ్చింది. ఇళ్లు మాత్రం పోయాయి.

నేను ఢిల్లీలో మొదటి కొన్ని నెలలు తలదాచుకున్నది నేతాజీ నగర్‌లో ఒక తెలుగు ఉద్యోగి క్వార్టరులో. రెండు గదులు, వెనుక చిన్న పెరడు, పెరట్లో కరివేపాకు మొక్క, ముందు వేపచెట్టు కింద సాయంత్రాలు నలుగురు కూర్చునే చోటు. ఆ ఇంటికి లుటియెన్స్ లేడు, రసెల్ లేడు, గీసిన వాని పేరు ఎవరూ అడగలేదు. స్వతంత్ర భారత ప్రభుత్వం తన గుమస్తాకు కట్టి ఇచ్చిన మొదటి ఇల్లు అటువంటిది. చరిత్రగా చూస్తే అది ఏ బంగళాకు తీసిపోతుంది? ఎక్కువమందికి ఇళ్లు కావాలన్న వాదనను నేను కాదనను. ఇళ్లు రెట్టింపు కావడం ఉద్యోగికి మేలే. కాని ఎక్కువమందికి చోటు కల్పించవలసి వచ్చినప్పుడు కూలినది రెండు గదుల క్వార్టరే. ఎకరాల తోట నడుమ ఒక్క కుటుంబముండే బంగళా వారసత్వ సంపద అయి నిలిచింది. ఏది చరిత్ర, ఏది ఖాళీ జాగా అన్నది కూడా ఆ పాత హోదాల పట్టిక ప్రకారమే నిర్ణయమవుతున్నది. కట్టినవాడు వెళ్లిపోయి డెబ్బయ్యేళ్లు దాటినా, వడ్డన మాత్రం అతడు వేసిన పంక్తి ప్రకారమే సాగుతున్నది.

ఇందులో పార్టీల తేడా లేదు. పాత ఢిల్లీని, నవ ఢిల్లీని కలిపి ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించమని ఒక ప్రభుత్వం దరఖాస్తు చేస్తే, 2015లో మరొక ప్రభుత్వం దానిని ఉపసంహరించుకున్నది. రాజపథ్ 2022లో కర్తవ్యపథ్ అయింది, రేస్‌కోర్స్ రోడ్డు 2016లోనే లోక్ కల్యాణ్ మార్గ్ అయింది. 2023లో కొత్త పార్లమెంటు భవనం వచ్చింది. వలస పాలన గుర్తులు చెరిపివేస్తున్నామని చెబుతున్నారు. వీధికి పేరు మార్చడం ఒక ఉత్తర్వుతో అయ్యే పని. ఆ వీధిలో ఎవరికి ఎంత నేల దక్కాలన్న లెక్కను మార్చడమే కష్టం. ఆ లెక్క జోలికి ఎవరూ పోలేదు.

నా సూచనలు పెద్దవి కావు. బంగళాలను కూల్చవద్దు. అవి మంచి ఇళ్లు, మంచి పనివాళ్లు కట్టినవి. ప్రతి ఇంటి గేటు పక్కన ఒక చిన్న పలక పెట్టండి. గీసిన శిల్పి ఎవరు, కట్టిన సంవత్సరమేది, ఎవరెవరు ఎప్పటినుంచి ఎప్పటివరకు ఉన్నారు, ఇంతే. స్తోత్రాలు అక్కరలేదు. నంబరు 24 పలకపై బర్మా రాయబారి, వెంకటస్వామి గారు, కాంగ్రెసు పార్టీ వరుసగా ఉంటే చాలు, చదివేవాడు మిగిలినది తానే ఆలోచించుకుంటాడు. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఇల్లు, మంత్రి బంగళా మొదలు బంట్రోతు క్వార్టరు వరకు, ప్రజలు లోపలికి వెళ్లి చూసేందుకు తెరిచి ఉంచండి. ఏ బంగళా ఎవరికి, ఏ అర్హతతో, ఎంత గడువుకు ఇచ్చారో ఏటేటా పార్లమెంటు ముందుంచండి. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆంధ్ర భవన్ వాటాలలో కొత్త కట్టడాలు లేపే ముందు, ఒక గదినైనా కలిసి కేటాయించి, ఈ నగరంలో తెలుగువారు ఉన్న ఇళ్ల కథను అక్కడ చెప్పండి. ఆ గది నిష్పత్తికి పంపకం అవసరం లేదు.

నిరుడు వేసవిలో ఒక సాయంత్రం ఆంధ్ర భవన్ నుంచి బయటకు వస్తూ చూశాను. అశోకా రోడ్డు కాలిబాటపై నేరేడుపళ్లు రాలి నేలంతా ఊదారంగు తిరిగింది. మన ప్రాంతం నుంచి వచ్చిన ఒక కుటుంబం హైదరాబాద్ హౌస్ గేటు ముందు ఆగింది. పదేళ్ల పిల్లవాడు తండ్రిని అడిగాడు: “నాన్నా, ఈ ఇల్లెవరిది?” తండ్రి గేటు వద్ద తుపాకి పట్టుకున్న జవానును చూసి, “గవర్నమెంటుది, పద” అన్నాడు. ఆ తండ్రి చెప్పినది తప్పు కాదు. కాని ఆ జవాబు ఇవ్వడానికి ఆయన ఒక క్షణం తడబడ్డాడు. ఆ పిల్లవాడికి సరైన సమాధానం చెప్పే పలక ఒకటి ఆ గోడకు ఉండవలసింది.